పూడిమడక లెక్క

మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమ. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి వెళ్తే, రాత్రి కరెంటు పోయినప్పుడల్లా అందరం చాపలు పట్టుకుని డాబా ఎక్కేసేవాళ్ళం. కొబ్బరి చెట్ల వెనకాల ఒక పక్క ఆకాశం ఎర్రగా ఉండేది. తెల్లారిపోతోందేమో అని నేను లేచి కూర్చుంటే, "పడుకో నాన్నా, అది గ్యాస్ మంట. రోజూ ఉండేదే" అనేది అమ్మమ్మ. భూమిలోంచి తీసిన గ్యాస్‌లో పైపులోకి పంపలేనిదాన్ని అక్కడ గొట్టం చివర తగలబెట్టేస్తారట. కింద ఇంట్లో ఫ్యాన్ తిరగట్లేదు, పైన ఆకాశం వెలిగిపోతోంది. ఇందులో ఎక్కడో లెక్క తేడాగా ఉందని అప్పుడే అనిపించింది.

ఈ సంచికకి "క్లీన్ ఎనర్జీ" మీద ఏదైనా రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ ఆకాశమే. రెండోది మా రూమ్మేట్. వాడిది అనకాపల్లి జిల్లా, పూడిమడక దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరు. వాళ్ళ నాన్నగారిది వేట. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం వచ్చి, పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ కట్టబోయే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి సుమారు రూ. 1.85 లక్షల కోట్లు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్. ఆ వార్త ఫోన్లో చూపించి "మీ ఏరియా ఫేమస్ అయిపోయిందిరా" అన్నాను. వాడు రెండు ప్రశ్నలు వేశాడు. "1,500 టన్నులు తియ్యడానికి ఎంత కరెంటు కావాలి? ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు?" నాకు తెలీదు. సీఎస్ఈ వాళ్ళం కదా, మాకు హైడ్రోజన్‌తో పరిచయం ఇంటర్ కెమిస్ట్రీతోనే అయిపోయింది. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల మీద చేసిన లెక్క, ఆ లెక్క వెంట వచ్చిన మరికొన్ని విషయాలు. నేను మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు మాట తట్టని చోట అందరూ వాడే ఇంగ్లీష్ మాటనే తెలుగు అక్షరాల్లో రాసేశాను. పెద్దలు క్షమించాలి.

ముందు మన తీరం సంగతి. స్కూల్లో 974 కిలోమీటర్లు అని బట్టీ పట్టాం. ఈమధ్య కేంద్రం మళ్ళీ కొలిపిస్తే 1,053 కిలోమీటర్లు వచ్చింది. సముద్రం పెరగలేదు, స్కేలు చిన్నదైంది. ఎంత సన్నగా కొలిస్తే అంత మెలికలు లెక్కలోకి వస్తాయి, పొడవు పెరుగుతుంది. ఫ్రాక్టల్స్ క్లాసులో నిద్రపోనివాళ్ళకి ఇది అర్థమవుతుంది. ఈ తీరానికి ఉన్న ఆస్తి కూడా అలాంటిదే, ఎంత దగ్గరగా చూస్తే అంత బయటపడుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్, చమురు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువ ఉన్న రాష్ట్రం మనదే. అందులో థోరియంతో పాటు నియోడిమియం లాంటి అరుదైన మూలకాలు ఉంటాయి. గాలిమర లోపలి అయస్కాంతానికి, ఎలక్ట్రిక్ కారు మోటారుకి అవే కావాలి. వీటికి తోడు పోర్టులు, మూడు నదుల చివరి నీళ్ళు, ఎండ.

ఇన్ని ఉన్నాయి కాబట్టి అభివృద్ధి దానంతట అదే వచ్చేస్తుందనుకుంటే గ్యాస్ కథ ఒకసారి చూడాలి.

బంగాళాఖాతంలో కేజీ-డీ6 బ్లాకులో 2002లో పెద్ద గ్యాస్ నిల్వ బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకి సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్ళింది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైప్‌లైన్ వేశారు. ఈ గ్యాస్ వస్తుందనే నమ్మకంతో మన రాష్ట్రంలో వేల మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రాలు కట్టారు, బ్యాంకులు అప్పులిచ్చాయి. ఆ తర్వాత బావుల్లో ఒత్తిడి తగ్గింది, నీళ్ళు, ఇసుక రావడం మొదలైంది. 2014 నాటికి ఆ ఉత్పత్తిలో నాలుగో వంతు కూడా లేదు. కట్టిన ప్లాంట్లు కొన్ని పూర్తిగా ఆగిపోయాయి, కొన్ని అప్పుడప్పుడు నడిచాయి. అప్పు మీద వడ్డీ మాత్రం రోజూ నడిచింది.

ఇక ఊళ్ళ వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి పేలి 65 రోజులు మండింది. అది మా అమ్మ పెళ్ళికి ముందు మాట. ఆ మంట వెలుగులో రాత్రి పేపర్ చదువుకున్నామని మా మావయ్య ఇప్పటికీ చెప్తాడు, నిజమో గొప్పో తెలీదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ లీకై అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ సంవత్సరం నుంచి అమ్మమ్మ ఆ ఎర్రటి ఆకాశం వైపు కాళ్ళు పెట్టి పడుకోవడం మానేసింది. ఎందుకని ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో సంగతి. నేల మీద తీసిన చమురు, గ్యాస్‌కి రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో తీసినదానికి వచ్చే రాయల్టీ కేంద్రానికి పోతుంది. అంటే ఒడ్డున పైపులు, ప్లాంట్లు, భయం మనవి. నడి సముద్రం లెక్క మాత్రం ఢిల్లీలో. ఇది ఎవరినీ తిట్టడానికి రాయట్లేదు, రాజ్యాంగం ప్రకారం ప్రాదేశిక జలాల ఖనిజాలు కేంద్రానివే. కానీ తీరం దగ్గర ఖజానా ఉంటే తీరం ధనవంతమవుతుందనే మాట నిజం కాదని తెలియడానికి ఇది చాలు.

ఇప్పుడు కొత్త కథ. 2024 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. పేపర్లలో "ఐసీఈ పాలసీ" అని రాసేది దీన్నే. అందులో సోలార్ 78.5 గిగావాట్లు, గాలి 35 గిగావాట్లు, పంప్డ్ స్టోరేజీ 22 గిగావాట్లు, ఏడాదికి 15 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ లక్ష్యాలు. మొత్తం పెట్టుబడి రూ. 10 లక్షల కోట్లు, ఉద్యోగాలు 7.5 లక్షలు అని పేర్కొన్నారు. ఒక్క భాగహారం చేస్తే ఒక్కో ఉద్యోగానికి రూ. 1.33 కోట్ల పెట్టుబడి అని తేలుతుంది. ఈ సంఖ్యని పక్కన పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

లెక్కలోకి దిగే ముందు మనలో చాలామంది చేసే తప్పు ఒకటి సరిచేసుకోవాలి. మెగావాట్ వేరు, యూనిట్ వేరు. మెగావాట్ అంటే వేగం. యూనిట్ అంటే దూరం. బండి స్పీడోమీటర్‌లో 120 ఉన్నంత మాత్రాన మనం రోజూ 2,880 కిలోమీటర్లు పోము కదా. 1,000 మెగావాట్ల ప్లాంటు 24 గంటలూ పూర్తిగా నడిస్తే రోజుకి 2.4 కోట్ల యూనిట్లు. కానీ సోలార్ రాత్రి పడుకుంటుంది, మబ్బు పడితే నీరసపడుతుంది. మన రాష్ట్రంలో సోలార్ ప్లాంటు ఏడాది సగటున దాని పూర్తి సామర్థ్యంలో ఐదో వంతు, ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది. గాలిమర పావు వంతు పైన. కాబట్టి "ఇన్ని గిగావాట్లు" అని హెడ్డింగ్ కనపడగానే ముందు ఐదుతో భాగించి, తర్వాత ఆశ్చర్యపడాలి.

సరే, పూడిమడక. నీటిని కరెంటుతో హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రం పేరు ఎలక్ట్రోలైజర్. ఇంటర్ పుస్తకంలో దీన్ని విద్యుద్విశ్లేషణ అన్నారు. ఒక కిలో హైడ్రోజన్ తియ్యడానికి ఇప్పటి యంత్రాలకి 50 నుంచి 55 యూనిట్లు కావాలి. 52 వేసుకుందాం. 1,500 టన్నులంటే 15 లక్షల కిలోలు. 15 లక్షల్ని 52తో గుణిస్తే రోజుకి 7.8 కోట్ల యూనిట్లు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ మొత్తం, అంటే ఇళ్ళు, పొలం మోటార్లు, ఫ్యాక్టరీలు, మన హాస్టల్ గీజర్లు అన్నీ కలిపి, రోజుకి వాడేది సుమారు 21, 22 కోట్ల యూనిట్లు. అంటే ఆ ఒక్క హబ్ రాష్ట్రం వాడకంలో మూడో వంతు పైగా తాగుతుంది. ఈ ప్రాజెక్టుకి 20 గిగావాట్ల సోలార్, విండ్ కావాలని ఎందుకన్నారో నాకు అప్పుడు అర్థమైంది. 20 గిగావాట్లని ఐదో వంతు లెక్కన చూస్తే రోజుకి 9.6 కోట్ల యూనిట్లు. హైడ్రోజన్‌కి 7.8 పోగా మిగిలినది దాన్ని అమ్మోనియా, మిథనాల్ చేయడానికీ, దారిలో నష్టాలకీ. లెక్క సరిపోతోంది. (నిజం చెప్పాలంటే సరిపోదనుకుని మొదలెట్టాను. సరిపోయేసరికి కొంచెం నిరాశపడ్డాను కూడా.)

అదే పద్ధతిలో రాష్ట్ర లక్ష్యం చూడండి. 15 లక్షల టన్నులు, కిలోకి 52 యూనిట్లు, మొత్తం 7,800 కోట్ల యూనిట్లు. రోజుకి 21.5 కోట్ల చొప్పున ఏడాదికి రాష్ట్రం ఇప్పుడు వాడేది కూడా దాదాపు అంతే. అంటే హైడ్రోజన్ కోసమే ఇంకో ఆంధ్రప్రదేశ్ అంత కరెంటు తయారు చెయ్యాలి. దీనికి తోడు 2025 అక్టోబర్‌లో గూగుల్ వాళ్ళు విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి ఏఐ డేటా సెంటర్ ప్రకటించారు, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు. ఒక గిగావాట్ రోజంతా నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు. మన బ్రాంచి వాళ్ళందరం ఆ ప్రకటన చూసి రెజ్యూమెలు సర్దుకున్నాం గానీ, దాని కరెంటు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు వాడి రెండో ప్రశ్న, నీళ్ళు. కెమిస్ట్రీ ప్రకారం కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్ల శుద్ధమైన నీళ్ళు. 15 లక్షల కిలోలకి రోజుకి 1.35 కోట్ల లీటర్లు. ఇది కనీసం. యంత్రాలు చల్లబరచడానికి, శుద్ధి చెయ్యడంలో పోయేదానికి ఇంకా కావాలి. తాగునీటిలోంచి తీస్తే ఊళ్ళు ఊరుకోవు, ఊరుకోకూడదు కూడా. సముద్రపు నీటిని ఆర్‌ఓ చేస్తే? ఘనపు మీటరుకి 3 నుంచి 4 యూనిట్లు ఖర్చు. 13,500 ఘనపు మీటర్లకి 54 వేల యూనిట్లు. 7.8 కోట్ల ముందు 54 వేలు ఎంత? వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. అంటే సముద్రం నీళ్ళు వాడితే ఖర్చు పెరుగుతుందనే సాకు ఇక్కడ చెల్లదు. నాకు ఈ మొత్తం లెక్కలో నచ్చిన సంఖ్య ఇదే.

మా రూమ్మేట్‌కి నచ్చలేదు. "సరే, మంచినీళ్ళు తీసుకున్నాక మిగిలిన ఉప్పు ఏం చేస్తారు?" అన్నాడు. మంచి ప్రశ్న. సముద్రపు నీటి ఆర్‌ఓలో మామూలుగా తీసుకున్న నీళ్ళలో 40 శాతం మంచినీళ్ళు అవుతాయి, మిగతా 60 శాతం చిక్కటి ఉప్పునీళ్ళుగా వెనక్కి పోతాయి. 13,500 రావాలంటే దాదాపు 33,750 ఘనపు మీటర్లు తోడాలి, 20,250 తిరిగి వదలాలి, రోజూ. ఉప్పు ఎక్కువైన నీళ్ళు బరువు, అడుక్కి దిగుతాయి. ఒడ్డుకి దగ్గర్లో, నీళ్ళు కదలని చోట వదిలితే అడుగున బతికేవాటికి దెబ్బ. లోతుగా, ప్రవాహం ఉన్న చోట, చాలా రంధ్రాలున్న పైపుతో చిమ్మి వదిలితే కొద్ది దూరంలోనే కలిసిపోతుంది. తేడా అంతా ఆ పైపు పొడవులో ఉంది. పైపు పొడవంటే డబ్బు. పాలసీ కాగితం మీద ఇది ఒక లైను కూడా ఉండకపోవచ్చు, వేటకెళ్ళేవాళ్ళకి మాత్రం ఇదే అసలు పాలసీ. "మా నాన్న వాళ్ళకి పైపంటేనే పడదు. ఫ్యాక్టరీల నీళ్ళ పైపులు చూశారు కదా" అని వాడు ఊరుకున్నాడు.

ఇక "గ్రీన్" అనే మాట. ఇప్పుడు దేశంలో వాడే హైడ్రోజన్ చాలావరకు సహజవాయువు నుంచి తీసినదే, ఎరువుల ఫ్యాక్టరీల్లో, రిఫైనరీల్లో. ఆ పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కి 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 2023లో కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం గ్రీన్ అనిపించుకోవాలంటే 2 కిలోలు దాటకూడదు. ఎలక్ట్రోలైజర్‌ని నేరుగా మామూలు గ్రిడ్‌కి తగిలిస్తే ఏమవుతుందో చూద్దాం. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కి సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. 52 యూనిట్లకి 36 కిలోలు. పాత పద్ధతి కన్నా మూడింతలు పైగా మురికి! కాబట్టి యంత్రంలో పచ్చదనం ఏమీ లేదు. అది తాగే కరెంటు ఏ గంటలో, ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

ఇక్కడే రాయలసీమ వస్తుంది. నీళ్ళు, పోర్టు తీరంలో ఉన్నాయి. మంచి గాలి, ఖాళీ భూమి, మబ్బు తక్కువ ఎండ అనంతపురం, కర్నూలు వైపు ఉన్నాయి. కరెంటు తీగల మీద వందల కిలోమీటర్లు రావాలి. రాత్రికి దాచాలి కూడా. దాచడానికి పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఒక ఉదాహరణ. పద్ధతి మన అపార్ట్‌మెంట్ ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటిదే. పగలు సోలార్ ఎక్కువైనప్పుడు కింది చెరువులోంచి పైచెరువుకి నీళ్ళు తోడతారు, సాయంత్రం వదిలి టర్బైన్లు తిప్పుతారు. నూరు యూనిట్లు పెట్టి తోడితే 75, 80 తిరిగొస్తాయి. పోయే ఇరవై చిల్లర రాత్రికి కట్టే అద్దె అనుకోండి.

దాచకుండా ఎలక్ట్రోలైజర్‌ని పగలే నడిపితే పోదా? పోతుంది. కానీ అన్ని కోట్లు పెట్టిన యంత్రం రోజులో ముప్పాతిక భాగం ఖాళీగా కూర్చుంటుంది. జీపీయూ అద్దెకి తీసుకుని ఆరు గంటలు వాడి పద్దెనిమిది గంటలు వదిలేసినవాడికి బిల్లు చూశాక తెలుస్తుంది ఆ బాధ. కరెంటు ధర కూడా చూడండి. యూనిట్ రూ. 3 అయితే కిలో హైడ్రోజన్‌లో కరెంటు ఖర్చే రూ. 156. రూ. 2 అయితే 104. పది పైసలు తేడా వస్తే కిలోకి ఐదు రూపాయలు మారుతుంది. ఈ రంగంలో గెలుపోటములు పైసల్లో ఉన్నాయి.

కొనేవాళ్ళు ఉన్నారా అన్నది ఇంకో అనుమానం. హైడ్రోజన్‌ని అలాగే ఓడలో ఎక్కించడం చాలా కష్టం, అందుకే అమ్మోనియాగా మారుస్తారు. కాకినాడలో నాగార్జున ఫర్టిలైజర్స్ పాత ప్రాంగణంలో ఏఎం గ్రీన్ సంస్థ ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు పెడుతోంది, యూరప్ మార్కెట్ చూసుకుని. కేజీ గ్యాస్‌తో యూరియా చేసిన చోటే ఇప్పుడు ఎండతో అమ్మోనియా. ఈ విషయం మా మావయ్యకి చెప్తే "ఆయ్, యూరియా మనకొచ్చేది. ఈ అమ్మోనియా జర్మనీ వాడికా?" అన్నాడు. ఆయన ప్రశ్నకి నా దగ్గర సగం జవాబే ఉంది. దేశంలో ఎరువుల కంపెనీల కోసం కూడా 2025లో గ్రీన్ అమ్మోనియా వేలాలు జరిగాయి, కిలో 50, 55 రూపాయల ప్రాంతంలో ధరలు పలికాయి, అందరూ ఊహించిన దానికన్నా తక్కువ. కొంతైనా మన పొలాల్లోకి వచ్చే దారి ఉంది.

పాలసీ గురించి రాస్తూ 2019 సంగతి వదిలేస్తే మోసం అవుతుంది. అంతకు ముందు ప్రభుత్వాలు గాలి కరెంటుని యూనిట్‌కి రూ. 4.84 లెక్కన 25 ఏళ్ళకి కొంటామని ఒప్పందాలు రాసుకున్నాయి. తర్వాత దేశంలో వేలంపాటల్లో ధరలు రెండున్నర రూపాయల దగ్గరికి పడిపోయాయి. 2019 జులైలో రాష్ట్రం ఆ పాత ఒప్పందాలు తిరగరాయాలని కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకి వెళ్ళాయి. కేసు నడిచినంత కాలం తాత్కాలికంగా గాలికి రూ. 2.43, సోలార్‌కి రూ. 2.44 చెల్లించారు. 2022 మార్చిలో హైకోర్టు, ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇందులో ఎవరిది తప్పో నేను తేల్చలేను. ఎక్కువ ధర భారం చివరికి మన బిల్లు మీదే పడుతుంది, ఆ వాదనలో నిజముంది. కానీ మన భాషలో చెప్పాలంటే, పది వేల మంది వాడుతున్న ఏపీఐని చెప్పాపెట్టకుండా మార్చేస్తే ఆ తర్వాత నీ లైబ్రరీ ఎవడు వాడతాడు? తర్వాత వచ్చే ప్రతి పెట్టుబడిదారుడూ ఆ భయానికి కూడా కొంత వడ్డీ కలిపి ధర చెప్తాడు. ఇందాక చెప్పిన పది పైసలు అలాంటి చోట్లే పోతాయి.

ఒప్పందం కంపెనీతో ఉంది. ఊరితో? 2010 జులై 14న సోంపేటలో బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఉదయం కాల్పులు, అదే రోజు రద్దు. తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని ఆలోచిస్తే నాకు రాయడం ఆగిపోతుంది. సోలార్, విండ్ బొగ్గు లాంటివి కావు, బూడిద ఉండదు, పొగ ఉండదు. నేను వాటి పక్షమే. అయితే ఆ మంచితనం వల్లే వాటికి పర్యావరణ అనుమతి అవసరం లేకుండా చేశారు. అనుమతి లేదంటే పబ్లిక్ హియరింగ్ కూడా లేదు. వేల ఎకరాలు మారిపోతున్నా ఊరికి అధికారికంగా మైకు అందే సందర్భం లేదు.

అందుకే ఇందాకటి రూ. 1.33 కోట్ల దగ్గరికి వస్తున్నాను. ఇది పెట్టుబడి ఎక్కువ, మనుషులు తక్కువ ఉండే రంగం. ప్యానెళ్ళు బిగించేటప్పుడు వందల మంది కావాలి. తర్వాత తుడిచేవాళ్ళు, కాపలావాళ్ళు, కొద్దిమంది టెక్నీషియన్లు. రైతు భూమి లీజుకిస్తే ఎకరానికి ఏడాదికి ముప్ఫై వేల ప్రాంతంలో వస్తుంది. వర్షం మీద ఆధారపడ్డ సీమ రైతుకి అది తక్కువేం కాదు. భూమి లేని కూలీకి మాత్రం సున్నా. తీరంలో అయితే భూమి కూడా కాదు, సముద్రం. దానికి పట్టా ఉండదు, కాబట్టి లీజూ ఉండదు.

గనులకి రాయల్టీ ఉంది, 2015 నుంచి దానికి అదనంగా కొంత మొత్తం జిల్లా ఖనిజ నిధికి కట్టాలని చట్టం ఉంది. 2008 జలవిద్యుత్ విధానంలో ప్రాజెక్టు ఉన్న రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితం, ఇంకో ఒక శాతం స్థానిక అభివృద్ధికి. ఎండకీ గాలికీ దేశమంతటికీ వర్తించే అలాంటి నియమం ఏదీ లేదు. పైగా పెట్టుబడి రావాలని రాష్ట్రాలు పోటీపడి పన్నులు తగ్గిస్తాయి. నార్వేలో చమురు లాభాల మీద 78 శాతం పన్ను వేసి 1990లో నిధి పెట్టారని అందరం వింటాం. నాకు అంతకన్నా నచ్చింది వాళ్ళ జలవిద్యుత్ నియమం. ప్రాజెక్టు ఉన్న మునిసిపాలిటీకి కొంత కరెంటు తయారీ ఖర్చుకే అమ్మి తీరాలి. ఊరు ఆ కరెంటు వాడుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. పూడిమడకకి ఈ లెక్క వేసి చూశాను. 7.8 కోట్ల యూనిట్లలో ఒక్క శాతం అంటే రోజుకి 7.8 లక్షల యూనిట్లు. ఒక ఇల్లు రోజుకి 5 యూనిట్లు వాడుతుందనుకుంటే 1.56 లక్షల ఇళ్ళు. అంటే చుట్టుపక్కల మండలాలన్నిటికీ సరిపోగా, చేపలు దాచే ఐస్ ఫ్యాక్టరీలకి కూడా మిగులుతుంది. ఒక్క శాతానికి.

ఇదంతా నోట్‌బుక్కులో చూపిస్తే రూమ్మేట్ సాయంత్రం వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. ఆయన ఒక్క శాతం సంగతి విని నవ్వి, "కరెంటు సరేగానీ బాబూ, ఆ ఉప్పునీళ్ళ పైపు ఎన్ని బారల లోతులో వేస్తారో కనుక్కోండి" అన్నారు. అలాంటి వివరాలు ఎక్కడ దొరుకుతాయో అప్పుడు వెతికాం. పబ్లిక్ హియరింగ్ అవసరమైన ప్రాజెక్టులకి, 2006 నోటిఫికేషన్ ప్రకారం, నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి, ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అలాంటి తెలుగు సారాంశం ఒకటి, వేరే జిల్లాలోని వేరే ఫ్యాక్టరీది, తెరిచి చదివాం. రెండో పేజీలో ఒక వాక్యం ఏడు లైన్లుంది. క్రియాపదం ఎక్కడుందో ఇద్దరికీ దొరకలేదు. ఇంగ్లీష్ కాపీ తెరిచాక అర్థమైంది, వ్యర్థజలాలు ఎక్కడ వదులుతారో ఆ వాక్యంలోనే ఉంది.

ఆ రెండు పేజీల్ని వాళ్ళ నాన్నగారికి ఫోన్లో చదివితే అర్థమయ్యే తెలుగులో మళ్ళీ రాస్తున్నాం. "బార" అంటే ఎన్ని మీటర్లో ముందు కనుక్కోవాల్సి వచ్చింది. క్లబ్‌లో ఇంకో ఇద్దరు కావాలి, ఒకరు కెమికల్ బ్రాంచి నుంచి అయితే బాగుంటుంది. శనివారం సాయంత్రాలు లైబ్రరీ వెనక టేబుల్ దగ్గర ఉంటాం.